గొంతు చుట్టూ చోటు: ఎల్లా ఫిట్జెరాల్డ్, నెల్సన్ రిడిల్ చివరి ఆల్బమ్

1970ల దశకంలో అమెరికా టెలివిజన్‌లో ఒక వాణిజ్య ప్రకటన వచ్చేది. ఒక గాయని మైకు ముందు నిలబడి తారస్థాయిలో ఒక స్వరం అందుకుని నిలుపుతుంది. లౌడ్‌స్పీకరు ఎదుట పెట్టిన గాజు గ్లాసు పగిలిపోతుంది. ఆ స్వరాన్ని క్యాసెట్ మీద రికార్డు చేసి తిరిగి వినిపిస్తారు. మళ్ళీ గ్లాసు పగులుతుంది. మీరు విన్నది మనిషి గొంతా, టేపు మీది గొంతా అన్నది ప్రేక్షకులకు వేసే ప్రశ్న. మెమొరెక్స్ అనే క్యాసెట్ల కంపెనీ ప్రకటన అది. ఆ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్.

ఇందులో మాయ ఏమీ లేదు. అనునాదం గురించి మీరు హైస్కూలులో చదువుకునే ఉంటారు. ప్రతి గ్లాసుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. అంచు మీద గోటితో మీటితే వినిపించే శబ్దం అదే. అదే పౌనఃపున్యంతో బయటి నుంచి బలమైన ధ్వని తగిలితే గ్లాసు కంపనాలు క్రమంగా పెద్దవై, గాజు తట్టుకోగల హద్దు దాటిన క్షణాన పగులుతుంది. అందుకు రెండే కావాలి: తప్పిపోని స్వరం, చాలినంత బలం. బలాన్ని ఆంప్లిఫయర్ ఇచ్చింది. తప్పిపోని స్వరాన్ని ఎల్లా ఇచ్చారు.

అయితే గ్లాసు పగలగొట్టడానికి ఒక్క స్వరం చాలు. పాటకు అది చాలదు. ఆ ప్రకటనలు వచ్చిన కొన్నేళ్ళకు, 1982లో, ఎల్లా 'ద బెస్ట్ ఈజ్ యెట్ టు కమ్' అనే ఆల్బమ్ రికార్డు చేశారు. అసలు మంచిది ఇంకా ముందుంది అని ఆ పేరుకు అర్థం. అప్పటికి ఆమెకు అరవై నాలుగేళ్ళు దాటాయి. పాడడం మొదలుపెట్టి నలభై ఏడేళ్ళు. పూర్వపు గొంతు అప్పటికి లేదు. ఆ ఆల్బమ్‌కు వాద్యబృందాన్ని కూర్చి నడిపించింది ఆమె పాత సహచరుడు నెల్సన్ రిడిల్.

వయసు గొంతులోంచి ఏమి తీసుకుపోతుంది? తీసుకుపోయిన దాని చోటును వాద్యాలు ఎలా సర్దుతాయి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇద్దరి పరిచయం

ఎల్లా 1917 ఏప్రిల్ 25న వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్‌లో పుట్టారు. పదిహేనేళ్ళకే తల్లి పోయింది. దిక్కులేని రోజులు గడిచాయి. 1934 నవంబరులో న్యూయార్క్ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా నివసించే హార్లెమ్‌లో, అపోలో థియేటర్‌లో కొత్తవారికి పెట్టే పోటీకి ఆమె వెళ్ళారు. నాట్యం చెయ్యాలని వెళ్ళి, చివరి నిమిషంలో మనసు మార్చుకుని పాట పాడారు. బహుమతి ఆమెకే వచ్చింది. 1935లో డ్రమ్ముల విద్వాంసుడు చిక్ వెబ్ నడిపే బృందంలో గాయనిగా చేరారు. 1938లో 'ఎ టిస్కెట్, ఎ టాస్కెట్' అనే పాటతో దేశమంతా పేరు వచ్చింది. మరుసటి ఏడాది వెబ్ చనిపోతే, ఇరవై రెండేళ్ళ ఎల్లా పేరు మీదే ఆ బృందం కొంతకాలం నడిచింది.

నెల్సన్ రిడిల్ 1921లో న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. ఆయన ట్రాంబోన్ వాద్యకారుడు. గొట్టాన్ని ముందుకు వెనక్కు జరుపుతూ వాయించే ఇత్తడి వాద్యం అది. టామీ డోర్సీ బృందంలో వాయించారు. తరవాత వాయించడం తగ్గించి, ఇతరులు వాయించవలసినది కాగితం మీద రాయడం వృత్తిగా చేసుకున్నారు. 1950లో నాట్ కింగ్ కోల్ పాడిన 'మోనా లీసా' ఎంతో ప్రసిద్ధమైంది. దానికి వాద్యాలు కూర్చింది రిడిల్. రికార్డు మీద మాత్రం మరొకరి పేరు పడింది. 1953 నుంచి ఫ్రాంక్ సినాట్రా పాటలకు పనిచేసినప్పుడు గానీ ఆయన పేరు లోకానికి తెలియలేదు.

నిర్మాత నార్మన్ గ్రాంజ్ 1950ల చివర ఎల్లాను, రిడిల్‌ను కలిపారు. 1959లో వచ్చిన జార్జ్, ఐరా గెర్ష్విన్ సోదరుల పాటల సంపుటి ఐదు ఎల్‌పీ రికార్డులు, యాభైకి పైగా పాటలు. అందులోని 'బట్ నాట్ ఫర్ మీ' పాటకు 1959లోనే ఎల్లాకు గ్రామీ అవార్డు వచ్చింది. 1962లో 'ఎల్లా స్వింగ్స్ బ్రైట్‌లీ విత్ నెల్సన్', 'ఎల్లా స్వింగ్స్ జెంట్లీ విత్ నెల్సన్' అనే జంట ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో మొదటిదానికి 1963లో మరో గ్రామీ. 1963లో జెరోమ్ కెర్న్, 1964లో జానీ మెర్సర్ పాటల సంపుటాలు. ఆ తరవాత వారి దారులు వేరయ్యాయి. 1972లో కోల్ పోర్టర్ పాటల కోసం ఒకసారి కలిశారు. ఆపైన ఇద్దరూ కలిసి మళ్ళీ ఒక పూర్తి కొత్త ఆల్బమ్ చేసింది పదేళ్ళకు, 1982లోనే.

అరేంజర్ చేసే పని ఏమిటి?

పాట రాసేవారు సాహిత్యం ఇస్తారు. బాణీ కట్టేవారు స్వరాలు ఇస్తారు. పాడేవారు పాడతారు. మరి ముప్పై, నలభై మంది వాద్యకారులు ఏ క్షణాన ఏది వాయించాలో ఎవరు నిర్ణయిస్తారు? అదే అరేంజర్ పని. మన సినిమా పాటల్లోనూ బాణీ ఒకరిది, వాద్యాలకు నొటేషన్ రాసి పంచే చెయ్యి మరొకరిది కావడం చాలా చోట్ల ఉన్నదే.

ఒక చిన్న లెక్క వెయ్యండి. ఆ కాలపు అమెరికన్ పాటలలో చాలావాటికి 32 ఆవర్తాలు. ఆవర్తానికి 4 దెబ్బలు. మొత్తం 128 దెబ్బలు. నిమిషానికి 120 దెబ్బల వేగంతో పాడితే 64 సెకన్లలో పాట అయిపోతుంది. రికార్డు మాత్రం మూడు నిమిషాలు ఉండాలి. మిగిలిన సమయంలో ఏం జరగాలి? పాటకు ముందు ఏ వాద్యం వినిపించాలి? రెండోసారి పల్లవి పాడేటప్పుడు మొదటిసారికి భిన్నంగా ఏం ఉండాలి? గాయని ఊపిరి తీసుకునే చోట ఎవరు పలకాలి? ఇవన్నీ అరేంజర్ రాస్తారు. పైగా ఒక్కొక్క వాద్యానికి విడివిడిగా రాయాలి. స్టూడియోలో గంటల లెక్కన డబ్బు ఇస్తారు కాబట్టి, అక్కడికి వచ్చాక ఆలోచించే వీలు తక్కువ.

తన పని తీరును రిడిల్ రెండు సూత్రాలుగా చెప్పుకున్నారు. ఒకటి, పాటలో శిఖరం ఎక్కడుందో ముందు కనిపెట్టి, అమరిక మొత్తాన్ని ఆ శిఖరం వైపు నడిపించాలి. రెండోది, గాయకుడు ఊపు మీద ఉన్నప్పుడు అడ్డు తప్పుకోవాలి. సినాట్రాతో పనిచేసిన అనుభవం నుంచి వచ్చిన మాటలివి. ఇందులో రెండోది వినడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. నలభై మంది వాద్యకారులు కూర్చుని ఉండగా, వారిలో ముప్పై మందిని ఊరకే ఉండమని కాగితం మీద రాయడానికి తన మీద తనకు నమ్మకం ఉండాలి. చేతిలో ఉన్న వాద్యాలన్నీ మోగించాలని ప్రతి కొత్త అరేంజర్‌కూ ఉంటుంది.

వయసు గొంతులోంచి ఏమి తీసుకుపోతుంది?

ఇప్పుడు స్వరపేటిక లోపలికి వెళదాం. మన గొంతులో రెండు స్వరతంతువులు ఉంటాయి. తంతువులు అంటే వీణ తీగల వంటివని అనుకోకండి. అవి కండరం మీద మెత్తని పొరలు కప్పిన రెండు మడతలు. స్త్రీలలో వాటి పొడవు ఒకటిన్నర సెంటీమీటరుకు అటూ ఇటూ. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటిని విడదీస్తుంది, అవి మళ్ళీ కలుసుకుంటాయి. 440 హెర్ట్జ్ స్వరం పాడుతున్నారంటే ఆ మడతలు సెకనుకు 440 సార్లు కలిసి విడిపోతున్నాయన్నమాట.

ఎల్లా గొంతు మూడు స్థాయిలలో తిరిగేదని చెబుతారు. ఒక్కొక్క స్థాయికి పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది. అంటే అడుగు స్వరానికి, పై స్వరానికి మధ్య ఎనిమిది రెట్ల తేడా. ఆ మడతలు అంత సాగాలి, అంత సడలాలి.

వయసుతో నాలుగు మార్పులు వస్తాయి. మొదటిది, స్వరపేటికలోని మృదులాస్థి క్రమంగా గట్టిపడుతుంది. కీళ్ళలో మునుపటి చురుకు ఉండదు. రెండోది, మడతల లోపలి కండరం పలచబడుతుంది, పై పొరల సాగే గుణం తగ్గుతుంది. ఫలితంగా రెండు మడతలు పూర్తిగా కలుసుకోవు. సందులోంచి గాలి జారిపోతుంది. గొంతులో గాలి శబ్దం కలిసి గరుకుగా వినిపించేది అందుకే. మూడోది, ఊపిరితిత్తులు పట్టే గాలి, దానిని అదుపుగా బయటికి తోసే శక్తి రెండూ తగ్గుతాయి. ఒకే ఊపిరిలో పొడుగు వాక్యం పాడడం కష్టమవుతుంది. నాలుగోది, స్వరంలోని కంపితం మారుతుంది. ఆరోగ్యవంతుడైన గాయకుడి గొంతు నిలిపిన స్వరం చుట్టూ సెకనుకు 5 నుంచి 7 సార్లు మెల్లగా ఊగుతుంది. అది చెవికి ఇంపుగా ఉంటుంది. వయసు మీద పడినప్పుడు ఆ ఊగడం నిదానిస్తుంది, వెడల్పవుతుంది. అప్పుడు గొంతు వణుకుతోంది అంటాం.

వీటికి తోడు, ముట్లు ఆగిన తరవాత హార్మోనుల మార్పు వల్ల స్త్రీల గొంతు కొంచెం కిందికి దిగుతుంది. అంటే పైనున్న స్వరాలు పోతాయి, కింద ఒకటి రెండు కొత్తగా చేరతాయి.

తరగతి గదిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఏ ఉపాధ్యాయునికైనా ఈ జాబితా పుస్తకం తెరవకుండానే తెలుసు. వెనక బెంచీ దాకా వినిపించాలని గొంతెత్తితే పగిలిపోతుంది. నా వరకు నేను, గొంతు పెంచడం మాని పిల్లలను దగ్గరగా కూర్చోబెట్టడం నేర్చుకున్నాను. ఎల్లా విషయంలో ఆ కూర్చోబెట్టే పని అరేంజర్ చెయ్యాలి.

మరి వయసు ఏది తీసుకుపోదు? తాళం మీద పట్టు, మాటను ఎక్కడ ఆపాలో ఎక్కడ సాగదీయాలో తెలిసిన జ్ఞానం, స్వరాల మధ్య సంబంధం తెలిసిన చెవి. ఇవి స్వరతంతువులలో ఉండవు, మెదడులో ఉంటాయి. 1960లో బెర్లిన్ కచేరీలో 'మ్యాక్ ద నైఫ్' పాడుతూ ఎల్లా సాహిత్యం మరచిపోయారు. ఆగకుండా, తాళం తప్పకుండా, అప్పటికప్పుడు సొంత మాటలు కట్టి పాట ముగించారు. ఆ రికార్డుకు గ్రామీ వచ్చింది. అటువంటి సంగీత జ్ఞానం అరవై దాటితే తగ్గవలసిన పని లేదు.

చోటు ఇవ్వడంలో నాలుగు ఉపాయాలు

ఇక్కడ చెవి గురించి ఒక విషయం తెలియాలి. ఒక శబ్దం మరొక శబ్దాన్ని కప్పెయ్యగలదు. దీన్ని ధ్వని మరుగు అనవచ్చు. బస్సులో ఇంజను మోతకు పక్కనున్నవారి మాట వినిపించదు. కండక్టరు విజిల్ మాత్రం డ్రైవరు దాకా స్పష్టంగా వినిపిస్తుంది. విజిల్ బలం ఒక్కటే దానికి కారణం కాదు. ఇంజను మోత కింది పౌనఃపున్యాలలో ఉంది, విజిల్ అక్కడికి చాలా దూరంగా పైన ఉంది. ఒక శబ్దం తనకు దగ్గర పౌనఃపున్యాలను ఎక్కువగా కప్పుతుంది. తన కిందివాటి కంటే తన పైవాటిని ఎక్కువగా కప్పుతుంది.

వాద్యబృందం మొత్తం మోగుతున్నప్పుడు దాని శక్తిలో ఎక్కువ భాగం 500 హెర్ట్జ్ దగ్గర పోగవుతుంది. గాయని పాట తిరిగేది కూడా సుమారుగా అక్కడే. ఒపెరా గాయకులు ఏళ్ళ తరబడి సాధన చేసి తమ గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర అదనపు బలం తెచ్చుకుంటారు. అక్కడ వాద్యాల జోరు తక్కువ కాబట్టి మైకు లేకుండానే వారి గొంతు వినిపిస్తుంది. ఎల్లా మైకు తరానికి చెందిన గాయని. మాట్లాడుతున్నట్టు పాడడమే ఆమె అందం. కాబట్టి ఆమె పాటకు తోవ వాద్యాలే ఇవ్వాలి.

మొదటి ఉపాయం శ్రుతి. మన కర్ణాటక సంగీత విద్వాంసులు వయసు పెరిగాక శ్రుతి అరో ఒకటో తగ్గించుకోవడం మీరు ఎరిగినదే. తంబుర, వయొలిన్ కూడా ఆ మేరకు దించుతారు. ఇక్కడా అదే. పాటలో అతి పై స్వరం 587 హెర్ట్జ్ అనుకుందాం. మూడు అర్ధస్వరాలు దించితే అది 494 అవుతుంది. స్వరతంతువులకు సెకనుకు 93 కంపనాల భారం తగ్గింది. కాని పెద్ద వాద్యబృందంలో ఇది తంబుర తీగ సడలించినంత సులువు కాదు. ట్రంపెట్‌కు ఒక ఎత్తులో కాంతి ఉంటుంది. మూడు అర్ధస్వరాలు దిగితే ఆ కాంతి పోవచ్చు. ఫ్లూటుకు కింది స్వరాలు అందకపోవచ్చు. కాబట్టి పాత కాగితాలు పనికిరావు. ఏ వాద్యానికి ఏది ఇవ్వాలో మొదటి నుంచి మళ్ళీ ఆలోచించాలి. ఇరవై ఏళ్ళ కిందటి అమరికను తీసి దులిపి వాడుకోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

రెండో ఉపాయం సమయం. గొంతు పలుకుతున్నప్పుడు వాద్యం ఆగాలి, గొంతు ఆగినప్పుడు వాద్యం పలకాలి. నిమిషానికి 60 దెబ్బల నిదానపు పాటలో ఎనిమిది దెబ్బల వాక్యం ఎనిమిది సెకన్లు. ఊపిరి తగ్గిన గాయని ఆరో దెబ్బకే ఆపేస్తే వెలితి తెలుస్తుంది. సరిగ్గా ఆ ఆరో దెబ్బ దగ్గర ఒక ఫ్లూటో, గిటారో అందుకుంటే, వాక్యం ఆగినట్టు కాక చేతులు మారినట్టు వినిపిస్తుంది. సినాట్రా రికార్డులలో హ్యారీ ఎడిసన్ ట్రంపెట్ చేత రిడిల్ ఇటువంటి చిన్న జవాబులు ఎన్నో పలికించారు.

మూడో ఉపాయం ఎత్తు. గొంతు ఉన్న ఎత్తును ఖాళీగా వదిలి, దానికి పైన కొన్నిటిని, కింద కొన్నిటిని ఉంచాలి. ట్రంపెట్ నోటికి మూత బిగిస్తే దాని కింది పౌనఃపున్యాలు అణగి, పైవి మిగులుతాయి. శబ్దం సన్నబడి దూరంగా జరుగుతుంది. అడుగున బాస్ ట్రాంబోన్ ఉంటుంది. మధ్య చోటు గాయనిది. రిడిల్ పేరు చెప్పగానే సంగీతం తెలిసినవారికి గుర్తుకు వచ్చే శబ్దం ఇదే: పైన ఫ్లూట్లు, మూత బిగించిన ట్రంపెట్, కింద బాస్ ట్రాంబోన్.

నాలుగో ఉపాయం బలం. ఇక్కడ లెక్క మన ఊహకు అందదు. ఒక వయొలిన్ బదులు రెండు వాయిస్తే శబ్దం రెట్టింపు అనిపించదు. 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అందుకు పది వయొలిన్లు కావాలి. అంటే తీగ వాద్యాలు ఎన్ని ఉన్నా, నెమ్మదిగా వాయిస్తే గొంతును మింగవు. అదే ట్రంపెట్లు నాలుగు గట్టిగా ఊదితే గొంతు మునిగిపోతుంది. కాబట్టి ఇత్తడి వాద్యాల జోరును శిఖరం దగ్గరకు దాచుకోవాలి, అదీ గాయని మాట ముగిసిన తరవాత.

1982 నాటి రికార్డు

ఈ నాలుగింటినీ దగ్గర పెట్టుకుని ఆ ఆల్బమ్ దగ్గరకు వద్దాం. మొదట దానికి ముందు సంగతులు. రాక్ సంగీతం వచ్చాక పెద్ద వాద్యబృందాలకు గిరాకీ తగ్గింది. రిడిల్ టెలివిజన్‌కు, సినిమాలకు రాస్తూ కాలం గడిపారు. 'ద గ్రేట్ గాట్స్‌బీ' చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది. 1980ల నాటికి ఆయన కాలేయవ్యాధితో బాధపడుతున్నారు. ఎల్లాకు మధుమేహం. దాని వల్ల చూపు దెబ్బతింది. నార్మన్ గ్రాంజ్ 1973లో పాబ్లో అనే రికార్డు సంస్థ పెట్టి, పాత తరం జాజ్ కళాకారులకు మళ్ళీ నీడ ఇచ్చారు. ఈ ఆల్బమ్ ఆ సంస్థదే.

పాటల ఎంపిక చూడండి. 'డోంట్ బి దట్ వే' బాణీ కట్టిన ఎడ్గర్ శాంప్సన్ 1930లలో చిక్ వెబ్ బృందంలో ఉన్నవాడు. అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ఎల్లా అడుగుపెట్టిన బృందపు పాట అది. 'గాడ్ బ్లెస్ ద చైల్డ్' ఆమె సమకాలికురాలు బిల్లీ హాలిడే పాట. బిల్లీ నలభై నాలుగేళ్ళకే, 1959లో చనిపోయారు. 'ఆటమ్ ఇన్ న్యూయార్క్' 1934 నాటిది. ఎల్లా అపోలో వేదిక ఎక్కిన సంవత్సరం అదే. 'గుడ్‌బై' ఒక వీడ్కోలు పాట. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట సై కోల్‌మన్, కెరొలిన్ లీ 1959లో కట్టినది. జీవితం ముందున్న యువతీయువకులు పాడుకోవలసిన ఆశ అది. అరవై అయిదు దగ్గర పడుతున్న మనిషి పాడితే ఆ మాటలకు మరో అర్థం వస్తుంది. ఆ అర్థం తెలియకుండా ఆమె పాడి ఉంటారని అనుకోలేం.

1959 నాటి గెర్ష్విన్ సంపుటిని, దీన్ని ఒకదాని వెంట ఒకటి వినండి. తేడా దాచితే దాగేది కాదు. మొదటిదానిలో గొంతు నున్నగా, అంచులు తేరి ఉంటుంది. ఏ స్వరం మీద దిగాలన్నా నేరుగా దిగుతుంది. రెండోదానిలో గరుకుతనం ఉంది, కంపితం వెడల్పయింది, పొడుగు స్వరాలు తొందరగా వదిలేస్తారు. గొంతు పరంగా చూస్తే రెండోది మొదటిదానికి సాటి రాదు. అలా అనడం ఎల్లాను తక్కువ చెయ్యడం కాదు.

కాని మరో తేడా కూడా వినిపిస్తుంది. మొదటిదానిలో ఆమె పాటను అందంగా అప్పజెపుతున్నారు. రెండోదానిలో పాటను మనకు చెబుతున్నారు. మాటను ఒక్క క్షణం ఆలస్యంగా వేయడం, స్వరాన్ని నిలపకుండా జార్చడం, కింది స్వరాల్లో కొత్తగా వచ్చిన బరువును వాడుకోవడం. ఇవన్నీ మనకు వినిపిస్తున్నాయంటే వాటి చుట్టూ చోటు ఉన్నందువల్లే. గరుకుతనాన్ని కప్పిపెట్టాలంటే రిడిల్‌కు తేలిక దారి ఒకటుంది. వాద్యాలు పెంచితే సరిపోతుంది. ధ్వని మరుగు తన పని తాను చేస్తుంది. అయితే గరుకుతనంతో పాటు మాట కూడా మరుగున పడేది.

1984లో జరిగిన గ్రామీ అవార్డులలో జాజ్ గాయనుల విభాగంలో బహుమతి ఈ ఆల్బమ్‌కు వచ్చింది. 1959లో ఒకటి, 1963లో ఒకటి, 1984లో ఒకటి. ఇద్దరూ కలిసి చేసిన పనికి ఎల్లాకు ఇది మూడో గ్రామీ. మొదటిదానికి, దీనికి మధ్య పాతికేళ్ళు. వారిద్దరి కలయికలో ఇదే చివరిది అయింది.

రిడిల్‌కు చివరి రోజుల్లో మరో మలుపు వచ్చింది. రాక్ పాటలతో పేరు తెచ్చుకున్న లిండా రాన్‌స్టాట్ పాత పాటలు పాడాలనుకుని ఆయన దగ్గరకు వెళ్ళారు. 1983లో వచ్చిన 'వాట్స్ న్యూ' లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. రాక్ వింటూ పెరిగిన పిల్లలు ఆయన పేరు తెలుసుకున్నారు. 1985 అక్టోబరు 6న, అరవై నాలుగేళ్ళ వయసులో ఆయన చనిపోయారు. ఎల్లా 1986లో గుండె శస్త్రచికిత్స తరవాత కూడా పాడారు. 1989లో చివరి స్టూడియో ఆల్బమ్ రికార్డు చేశారు. మధుమేహం ముదిరి 1993లో రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసెయ్యవలసి వచ్చింది. 1996 జూన్ 15న కన్నుమూశారు.

మీరు చేసి చూడండి

ఒకటి. గడియారం చూస్తూ, నిండుగా ఊపిరి తీసుకుని ఒకే స్థాయిలో 'ఆ' అని పలకండి. ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. ఇంట్లో ఇరవై ఏళ్ళవారి చేత, అరవై దాటినవారి చేత చేయించి పోల్చండి. చివర్లో గొంతు ఎలా మారుతుందో గమనించండి.

రెండు. మిక్సీ తిరుగుతున్నప్పుడు వంటగదిలో ఒకరు మాట్లాడుతుంటే వినండి. తరవాత అదే దూరం నుంచి ఈల వెయ్యమనండి. ఏది తేలికగా చెవికి అందుతోంది, ఎందుకు?

మూడు. మీకు ఇష్టమైన పాత పాట ఒకటి తీసుకోండి. గొంతును పట్టించుకోకుండా, గొంతు ఆగిన ప్రతి చోటా ఏ వాద్యం పలికిందో వరసగా రాయండి. ఆ జాబితా ఎవరు రాసి ఉంటారో ఆలోచించండి. రికార్డు అట్ట మీద వారి పేరు ఉందేమో చూడండి.

ఎల్లా గొంతు ఒకప్పుడు గాజును పగలగొట్టింది. 1982 నాటికి ఆ బలం అందులో లేదు. పాటను మన దాకా తేవడానికి ఆ బలం అవసరమూ రాలేదు. పెద్దవయసు గొంతు మన ఇళ్ళలోనూ ఉంటుంది. అందులో మాట తగ్గిందని మనం అనుకునే సందర్భాలలో చాలావాటిలో, నిజంగా పెరిగింది చుట్టూ ఉన్న మన శబ్దం. వినాలనుకున్నవారు మొదట చెయ్యవలసిన పని రిడిల్ చేసినదే: కాస్త పక్కకు తప్పుకుని చోటు ఇవ్వడం.